చివరి మడికి నీళ్లందడం లేదు

ప్రశ్న: మా నాన్నకు 63 ఏళ్లు. మాది చీమకుర్తి వైపు పల్లె, పొగాకు రైతు. షుగర్ వచ్చి పన్నెండేళ్లయింది. రోజుకు నాలుగైదు చుట్టలు కాలుస్తారు. ఏడాదిన్నరగా బస్సు దిగి ఇంటికి నడిచొచ్చేలోపు రెండు చోట్ల ఆగుతున్నారు. అడిగితే "పిక్క పట్టేస్తంది, కాసేపాగితే పోద్ది" అంటారు. ఊళ్లో డాక్టరు నరాల బలహీనత అని సూదులు, మాత్రలు ఇచ్చారు. మా బాబాయి నరాలు తేలినవాళ్లు వేసుకునే బిగుతు మేజోడు కొనిచ్చాడు. నెల కిందట కొత్త చెప్పు ఒరుసుకుని ఎడమ బొటనవేలి పక్కన పుండు పడింది. మానడం లేదు, అంచు నల్లబడుతోంది. రాత్రిళ్లు పడుకోలేక మంచం మీద నుంచి కాలు కిందికి వేలాడేసి కూర్చుంటున్నారు. అలా వేలాడేస్తే పాదం ఎర్రగా అవుతుంది, అంటే రక్తం బాగానే వస్తున్నట్టే కదా? ఆసుపత్రికి వెళ్తే కాలు తీసేస్తారని రానంటున్నారు. మా పెదనాన్నకు అలాగే మొదట వేలు, తర్వాత పాదం, చివరికి మోకాలి కింద దాకా తీశారు. ఏం చేయమంటారు?
ఒక కూతురు, ప్రకాశం జిల్లా

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో ముందు రాసినవి తర్వాత మాట్లాడుకుందాం. చివర్లో రాసిన మూడు విషయాలు, అంటే మానని పుండు, నల్లబడుతున్న అంచు, రాత్రి కాలు వేలాడేసుకుని కూర్చోవడం, ఈ మూడూ కలిసి ఉన్నాయంటే కాలికి రక్తం తెచ్చే నాళాలు పూడుకుపోతున్నాయని అనుమానించాలి, ఇది నెలాఖరు దాకా, పంట అమ్మేదాకా ఆగే పని కాదు. రేపో ఎల్లుండో నాన్నగారిని తీసుకుని బయల్దేరండి. పుండు చుట్టూ ఎర్రబడి వాచినా, వాసన వచ్చినా, జ్వరం తగిలినా రేపు కూడా కాదు, ఈరోజే.

వెళ్లేలోపు ఇంట్లో చేయాల్సినవి చెబుతాను. ఆ బిగుతు మేజోడు ఇప్పుడే తీసెయ్యండి. ఎందుకో తర్వాత చెబుతాను. వేడినీళ్ల కాపడం, ఉప్పునీళ్లలో నానబెట్టడం, ఆకు పసర్లు, పసుపు ముద్దలు ఏవీ వద్దు. పుండు మీద శుభ్రమైన పొడి గాజ్ (కట్టు కట్టే పల్చటి బట్ట) వదులుగా కప్పి, వేలి చుట్టూ బిగించకుండా అతికించండి. గోరు తీస్తాననో, నల్లగా ఉన్న చర్మం కత్తిరిస్తాననో ఎవరైనా వస్తే చెయ్యి వెయ్యనివ్వకండి. వట్టికాళ్లతో పెరట్లోకి కూడా వెళ్లనివ్వకండి. రాత్రిపూట కూర్చుని తెల్లవార్చే బదులు మంచం తలవైపు కోళ్ల కింద ఒక్కో ఇటుక పెట్టండి. తల కాస్త ఎత్తుగా, పాదాలు కాస్త పల్లంగా ఉంటే నొప్పి కొంత తగ్గి నిద్ర పడుతుంది. రాత్రంతా కాలు వేలాడేసుకుని కూర్చుంటే పాదం వాస్తుంది, వాచిన పాదంలో పుండు ఇంకా మానదు.

ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. ఉన్నట్టుండి కాలు మంచుముక్కలా చల్లబడి, పాలిపోయి, విపరీతంగా నొప్పి లేచి, వేళ్లు కదలక, ముట్టుకుంటే తెలియకపోతే అది నాళం పూర్తిగా మూసుకుపోవడం. అప్పుడు మన చేతిలో ఉండేవి గంటలే. ఆరు గంటలు దాటేకొద్దీ కండరం చచ్చిపోతూ ఉంటుంది. అర్ధరాత్రయినా సరే 108కి ఫోన్ చేయండి.

ఇక మీరడిగిన ఎర్రదనం సంగతి. ఈ ప్రశ్న వేసినందుకు మిమ్మల్ని మెచ్చుకోవాలి, చాలామంది అడగకుండానే నమ్మేస్తారు. వేలాడేసినప్పుడు పాదం ఎర్రబడటం రక్తం బాగా వస్తోందనడానికి గుర్తు కాదు, సరిగ్గా దానికి తిరగబడ్డ గుర్తు. రక్తం చాలక అల్లాడుతున్న పాదంలో సన్నటి నాళాలన్నీ ఎంత తెరుచుకోగలవో అంతా తెరుచుకుని కూర్చుంటాయి, వచ్చే నాలుగు చుక్కలైనా పట్టుకుందామని. కాలు కిందికి దించగానే బరువుకు జారిన రక్తం వాటిలో నిలిచి ఎర్రగా, కాస్త ఊదాగా కనిపిస్తుంది. అదే కాలు పడుకున్నప్పుడు ఎత్తి ఒక్క నిమిషం పట్టుకుంటే పాలిపోతుంది. డాక్టరు గదిలో మేము చేసే పరీక్షే అది. మీ నాన్నగారు పరీక్ష పేరు తెలియకుండానే రోజూ రాత్రి చేసుకుంటున్నారు. పడుకుంటే రక్తం పాదం దాకా ఎక్కి రావడం లేదు, కాలు దించితే భూమి లాగి తెస్తోంది. అందుకే ఆయనకు ఆ భంగిమలో హాయి.

ఈ జబ్బును ఏడాదిన్నర పాటు దాచిపెట్టింది మన భాషలోని ఒక మాట అని నాకనిపిస్తుంది. నరం. చేతి మీద పచ్చగా కనిపించేదీ నరమే, కాలి మీద పాముల్లా తేలేదీ నరమే, తిమ్మిరి పుట్టించేదీ నరమే, నడుం నుంచి లాగేదీ నరమే. కానీ శరీరంలో అవి మూడు వేరు వేరు సంసారాలు. కబుర్లు మోసేవి నాడులు, షుగర్ వల్ల అవి దెబ్బతింటే మంటలు, తిమ్మిర్లు. పాదం నుంచి వాడిన రక్తాన్ని గుండెకు వెనక్కి తెచ్చేవి సిరలు, అవి వదులైతే పిక్క మీద మెలికలు తిరిగి తేలతాయి. గుండె నుంచి మంచి రక్తాన్ని పాదానికి మోసుకెళ్లేవి ధమనులు, అవి పైకి కనిపించవు. మీ నాన్నగారికి పాడైంది మూడోది. ఊరి డాక్టరు మొదటిదానికి మందిచ్చారు, బాబాయి రెండోదానికి మేజోడు తెచ్చారు. ఇద్దరూ మంచి మనసుతోనే చేశారు.

తేలిన సిరలకు బిగుతు మేజోడు మంచిదే. నిలిచిపోయిన రక్తాన్ని అది పైకి నొక్కి పంపుతుంది. కాలు ఎత్తి దిండు మీద పెట్టమని కూడా వాళ్లకు చెబుతాం. ధమనులు పూడిన కాలికి అదే మేజోడు వేస్తే వచ్చే కాస్త రక్తాన్నీ గొంతు పట్టి ఆపినట్టే. కాలు ఎత్తి పెట్టడమూ అంతే. ఒక జబ్బుకు చేసే మేలు ఇంకో జబ్బుకు కీడు చేసే చోటు ఇది. సూదుల గురించి కూడా న్యాయంగా చెప్పాలి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బీ12 విటమిన్ తగ్గొచ్చు, ఆ సూది వృథా కాదు. నాన్నగారికి నాడుల జబ్బు కూడా ఉండే ఉంటుంది. కొత్త చెప్పు వేలిని కోస్తున్నా ఆయనకు వెంటనే తెలియకపోవడానికి అదే కారణం కావచ్చు. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది లేదనుకోవడమే పొరపాటు.

ఆ పొరపాటు నేనూ చేశాను. ఉద్యోగంలో చేరిన తొలినాళ్లలో రిటైరైన బడిపంతులు ఒకాయన పిక్క నొప్పి అని వచ్చారు. బయట యాభై మంది క్యూ. సాక్సు విప్పమనలేదు. విప్పి ఉంటే పాదం మీద ధమని కొట్టుకుంటోందో లేదో చూసేవాణ్ని. బీకాంప్లెక్స్ రాసి పంపాను. ఐదు నెలల తర్వాత ఆయన మళ్లీ వచ్చేసరికి రెండు వేళ్లు నల్లగా ఉన్నాయి. అప్పటి నుంచి కాలు నొప్పి అన్నవాళ్లెవరైనా సరే, చెప్పులూ సాక్సూ తీశాకే మాట మొదలుపెడతాను.

మీ వైపు వాళ్లకు ఈ జబ్బు అర్థం చేసుకోవడం తేలిక. సాగర్ కుడికాలువ నీళ్లు మీ జిల్లా దాకా వచ్చేసరికి ఎలా ఉంటాయో మీకు నేను చెప్పాలా? కాలువలో పూడిక పడిందనుకోండి. ఎవరూ పెద్దగా నీళ్లు వాడని రోజుల్లో చివరి భూములక్కూడా కాసిన్ని అందుతాయి, ఎవరికీ తేడా తెలియదు. నాట్ల రోజుల్లో అందరూ ఒక్కసారి తూములెత్తితే చివరి మడి ఎండుతుంది. కాలి ధమనిలో పూడిక అంటే కొవ్వు, సున్నం కలిసి గోడకు పేరుకున్న గార. కూర్చున్నప్పుడు పిక్కకు కావాల్సిన రక్తం కొంచెమే, ఆ కొంచెం అందుతుంది. నడిచేటప్పుడు కండరానికి దానికి ఎన్నో రెట్లు కావాలి, అది రాదు, పిక్క పట్టేస్తుంది. ఆగితే అవసరం తగ్గుతుంది, రెండు మూడు నిమిషాల్లో నొప్పి పోతుంది. మళ్లీ అంతే దూరం నడిస్తే మళ్లీ పట్టేస్తుంది. పూడిక ఇంకా పెరిగితే నాట్లు లేని రోజుల్లో కూడా చివరి మడికి తడి ఉండదు. పాదంలో చివరి మడి బొటనవేలు. నాన్నగారు ఇప్పుడున్నది అక్కడ.

మీరు రాసిన "రెండు చోట్ల ఆగుతున్నారు" అన్న మాట దగ్గరే నాకు విషయం సగం తెలిసిపోయింది. జర్మనీలో ఈ జబ్బును దుకాణం అద్దాల జబ్బు అంటారు. నడవలేక ఆగినవాడు ఆగినట్టు కనిపించకుండా అద్దంలో సరుకులు చూస్తున్నట్టు నటిస్తాడు కాబట్టి. మన ఊళ్లో అద్దాల దుకాణాలు లేవు. వేపచెట్టు కింద ఆగి ఎదురొచ్చినవాణ్ని "ఈసారి రేటెట్టా ఉంది?" అని అడుగుతారు. మీ నాన్నగారు ఎక్కడెక్కడ ఆగుతారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. రోజూ దాదాపు అవే చోట్లయి ఉంటాయి.

నడుం నుంచి వచ్చే నొప్పికీ దీనికీ తేడా పట్టుకోవడానికి ఒక చిన్న చిట్కా ఉంది. వెన్నుపూస దగ్గర నాడి నొక్కుకుపోయినవాళ్లకు ఆగి నిలబడితే చాలదు, కూర్చోవాలి, లేదా ముందుకు వంగాలి. వాళ్లు సైకిలు ఎంత దూరమైనా తొక్కగలరు. ధమని జబ్బువాళ్లకు గోడకు ఆనుకుని నిలబడితే చాలు. కనిగిరి వైపు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టి అక్కడ కాళ్లనొప్పి అనగానే "ఆ నీళ్ల వల్లే" అనేస్తారు. ఫ్లోరైడ్ కీళ్లను, నడుమును బిగదీస్తుంది. పొద్దున్నే లేవగానే ఎక్కువ బాధ, నడిచినా నడవకపోయినా ఉంటుంది. కొలిచినట్టు ఇన్ని అడుగులకు పట్టేసి ఇన్ని నిమిషాలకు వదిలే నొప్పి దానిది కాదు.

ఆసుపత్రిలో ఏం చేస్తారో ముందే తెలిస్తే నాన్నగారికి టెన్షన్ తగ్గుతుంది. మొదటి పరీక్షకు సూది కూడా ఉండదు. చేతికి బీపీ చూసినట్టే చీలమండ దగ్గర పట్టీ కట్టి, రక్తం పారే చప్పుడు వినిపించే చిన్న డాప్లర్ పెన్ను పెట్టి బీపీ చూస్తారు. కాలి బీపీని చేతి బీపీతో భాగిస్తారు. దీన్ని ఏబీఐ అంటారు. రెండూ దాదాపు సమానంగా ఉండాలి, 1 నుంచి 1.4 మధ్య వస్తే మామూలు. 0.9, అంతకంటే తక్కువ వస్తే ధమనిలో అడ్డు ఉన్నట్టు. చేతిలో 150 ఉండి కాల్లో 75 ఉంటే 0.5, అంటే కాలికి సగం ఒత్తిడే చేరుతోంది. 0.4 కంటే దిగితే పరిస్థితి విషమమే. అయితే షుగర్ ఎన్నేళ్లుగానో ఉన్నవాళ్లతో ఒక చిక్కుంది. వాళ్ల ధమని గోడలో సున్నం పేరుకుని గొట్టంలా గట్టిపడుతుంది, పట్టీ ఎంత బిగించినా నొక్కుకోదు. దాంతో లెక్క 1.4 దాటిపోతుంది, లేదా పైకి మామూలుగా కనిపిస్తుంది. "నార్మల్ వచ్చిందండీ" అని ఇంటికొచ్చేస్తారు. అందుకని నాన్నగారి విషయంలో ఈ ఒక్క అంకెను నమ్మి వెనక్కి రాకండి. కాలి బొటనవేలి దగ్గర ఒత్తిడి చూడమనండి, లేదా కలర్ డాప్లర్ స్కాన్ చేయించండి. రిపోర్టులో పెరిఫెరల్ ఆర్టరీ డిసీజ్ అనో, పీఏడీ అనో, పాతకాలం డాక్టర్లయితే పీవీడీ అనో రాస్తారు. అన్నీ ఈ జబ్బు పేర్లే.

అడ్డు ఎక్కడుందో పటం గీసినట్టు చూడాలంటే సీటీ యాంజియో తీస్తారు. దానికి వాడే రంగు మందు మూత్రపిండాల మీద భారం, కాబట్టి ముందు అవి ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూస్తారు. నాన్నగారు వాడే మాత్రలన్నీ, మెట్‌ఫార్మిన్‌తో సహా, చీటీలతో సంచిలో వేసుకెళ్లండి. "తెల్ల మాత్ర ఒకటి, గులాబీది ఒకటి" అని చెబితే ఎవరికీ అర్థం కాదు.

ఇప్పుడు అసలు భయం దగ్గరికి వద్దాం. మీ పెదనాన్నగారికి వేలు తీశారు, పాదం తీశారు, మోకాలి కింద తీశారు. ఆయన విషయంలో ఏం జరిగిందో నేను చూడలేదు. కానీ ఇలాంటి కథలు చాలా విన్నాను, వాటిలో ఎక్కువ వాటికి మూలం ఒకటే. నీళ్లు రాని మడిలో ఎండిన మొక్కను పీకి కొత్త మొక్క నాటితే ఏమవుతుంది? అదీ ఎండుతుంది. రక్తం రాని కాల్లో వేలు తీస్తే ఆ కోత కూడా ఒక పుండే, అదీ మానదు. పైకి పోతారు, అక్కడా మానదు, ఇంకా పైకి. అందుకే వేలు తీయాల్సొచ్చినా ముందు రక్తం దారి చూడాలి, వీలైతే దారి తెరవాలి, ఆ తర్వాతే వేలు. కాల్లోకి రక్తం వచ్చాక తీసిన వేలి గాయం మానుతుంది, మనిషి చెప్పులేసుకుని నడుస్తాడు. చీము పట్టి జ్వరంతో ఒళ్లంతా విషమెక్కుతున్నప్పుడు మాత్రం చీము ముందు తీయక తప్పదు, అది వేరే లెక్క.

కాబట్టి ఎవరైనా పుండు చూడగానే "వేలు తీసేద్దాం" అంటే మీరు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "కాలికి రక్తం ఎంత వస్తోందో చూశారా అండీ?" గొంతు పెంచనక్కర్లేదు. చీటీ మీద రాసుకుని వెళ్లి చదివినా ఫర్వాలేదు. చూడలేదంటే చూడమనండి, అక్కడ ఆ వసతి లేదంటే ఉన్నచోటికి రాయించుకోండి. ఒంగోలు పెద్దాసుపత్రిలో మొదటి పరీక్షలు చేయించుకుని, అక్కడి డాక్టర్లు పంపితే నెల్లూరో గుంటూరో తిరుపతో వెళ్లండి. అడగాల్సింది వాస్కులర్ సర్జన్‌ను, అంటే రక్తనాళాల ఆపరేషన్లు చేసే డాక్టరును. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు, ఆధార్ వెంట పెట్టుకోండి, పథకం కింద ఏ చికిత్స వస్తుందో అడ్మిట్ కాకముందే ఆ డెస్కులో అడిగి తేల్చుకోండి.

దారి తెరవడం రెండు రకాలు. ఒకటి, తొడ మొదట్లో చిన్న రంధ్రం చేసి సన్నని తీగ పంపి, అడ్డున్న చోట బెలూన్ ఉబ్బించి, అవసరమైతే నాళం మళ్లీ మూసుకోకుండా నిలిపే సన్నని వల గొట్టం, స్టెంట్, పెట్టడం. మనిషి మెలకువగానే ఉంటాడు. రెండోది బైపాస్, ఆయన కాల్లోనే ఉన్న సిరను తీసి అడ్డును దాటించి కొత్త పిల్లకాలువ కుట్టడం. ఏది మంచిదన్నది అడ్డు ఎంత పొడుగుంది, ఎక్కడుంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. అది డాక్టరు స్కాన్ చూసి చెప్పాల్సిన మాట, నేను ఇక్కడ కూర్చుని చెప్పకూడదు.

నాన్నగారికి ఒక కథ చెప్పండి, ఇది నిజంగా జరిగింది. గుండెకు స్టెంటు వేయించుకున్నవాళ్లు మీ ఊళ్లో నలుగురైనా ఉంటారు. ఆ విద్య పుట్టింది గుండెలో కాదు, కాల్లో. 1964 జనవరి 16న అమెరికాలో పోర్ట్‌లాండ్ అనే ఊళ్లో 82 ఏళ్ల ముసలమ్మ ఒకామె కాలు కుళ్లిపోతోందని ఆసుపత్రిలో ఉంది. కాలు తీసేయాలన్నారు. ఆమె ససేమిరా అంది. అప్పుడు చార్లెస్ డాటర్ అనే ఎక్స్‌రే డాక్టరు తొడ ధమనిలోకి సన్నని గొట్టాలు ఒకదాని మీద ఒకటి తోసి ఇరుకును వెడల్పు చేశాడు. పాదం వెచ్చబడింది, పుండు మానింది, ఆమె మరో రెండేళ్లకు పైగా తన కాళ్ల మీదే నడిచి తిరిగింది. గుండె ధమనిలో బెలూన్ వేయడం ఆ తర్వాత పదమూడేళ్లకు, 1977లో. కాలు ఇవ్వనని ఆమె కూడా మీ నాన్నలాగే మొండికేసింది. కానీ ఇంట్లో మంచం మీద కూర్చుని కాదు, ఆసుపత్రిలో ఉండి మొండికేసింది. తేడా అక్కడుంది.

చుట్టల గురించి రాయకుండా ఉంటే బాగుండు అని మీరు అనుకుంటూ ఉంటారు. పొగాకు పంట మీద నాకు కోపం లేదు. పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రుళ్లు నిద్ర కాచి, వేలం కేంద్రంలో బేళ్ల పక్కన రోజంతా నిలబడి ఆ పంటతోనే మీ వైపు ఎన్నో ఇళ్లలో పిల్లలు చదివారు, బహుశా మీరు కూడా. పండించడం వేరు, కాల్చడం వేరు. పొగ ధమని లోపలి పొరను గీరేస్తుంది, నికోటిన్ నాళాన్ని బిగిస్తుంది, రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. ఈ జబ్బుకు షుగర్, పొగ రెండూ తోడైతే ఒకదానికొకటి తగిన జంట. బెలూన్ వేయించుకుని వచ్చి బ్యారన్ పక్కన కూర్చుని చుట్ట ముట్టిస్తే తెరిచిన దారి మళ్లీ మూసుకుంటుంది. నాలుగుకు బదులు ఒకటి అన్న బేరం ఇక్కడ కుదరదు. పొగ మానేసి ఖైనీ నోట్లో పెట్టుకోవడమూ మానేసినట్టు కాదు. ముప్పై నాలుగేళ్ల బీడీల కుర్రాణ్ని ఒకణ్ని చూశాను, షుగర్ లేదు, కొవ్వు లేదు, వేళ్లు మాత్రం నల్లబడుతున్నాయి. అది బర్జర్ జబ్బు, చిన్న వయసులోనే పొగాకువాళ్లకు వచ్చేది. దానికి అసలు మందు పొగాకు మానడమే. మానేశాడు, మిగిలిన వేళ్లు దక్కాయి. ఒంటరిగా మానడం కష్టమైతే 1800-11-2356కి ఫోన్ చేయండి, ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు, సలహా ఇస్తారు. నికోటిన్ చూయింగ్ గమ్ లాంటివి డాక్టరును అడిగి వాడొచ్చు. చుట్ట మానమని పోరు పెట్టడం కంటే, అన్నం తిన్నాక ఆయన చెయ్యి జేబులోకి వెళ్లే ఆ పది నిమిషాలు పక్కన కూర్చుని మాట్లాడటం ఎక్కువ పని చేస్తుంది.

మందుల్లో రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ గానీ క్లోపిడోగ్రెల్ గానీ ఇస్తారు. కొలెస్ట్రాల్ రిపోర్టు బాగానే ఉన్నా స్టాటిన్ మాత్ర ఇస్తారు. "నాకు కొవ్వు లేదు కదా" అని దాన్ని ఆపకండి, నాళంలో ఉన్న గార కదిలి చీలకుండా కాపాడేది అదే. నడిచే దూరం పెరగడానికి సిలోస్టజాల్ అనే మాత్ర ఉంది, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు అది పనికిరాదు. ఎవరో వాడి బాగుందన్నారని కొనొద్దు. వెల్లుల్లి బ్లాకులు కరిగిస్తుందని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. వెల్లుల్లి కారం వేడన్నంలో బాగుంటుంది, ధమనిలో సున్నాన్ని మాత్రం కరిగించదు. కోత లేకుండా సెలైన్లతోనే బ్లాకులు కరిగిస్తామనే ప్రకటనల దగ్గరికి దయచేసి వెళ్లకండి. డబ్బు పోవడం అటుంచి, పుండు ఉన్న కాలికి వారాలు పోతాయి.

కాలు గురించి ఇంత చెప్పి గుండె మాట ఎత్తకపోతే తప్పవుతుంది. కాలి ధమనిలో గార పట్టినవాళ్లకు గుండెలో, మెదడుకు వెళ్లే నాళాల్లో కూడా పట్టి ఉండే అవకాశం ఎక్కువ. కాలు చెప్పింది, మిగతావి ఇంకా చెప్పలేదు. వెళ్లినప్పుడు ఈసీజీ, ఎకో తీయమనండి. బీపీ, మూడు నెలల షుగర్ సగటు కూడా చూడాలి. పుండులో చీముంటే షుగర్ అదుపు తప్పుతుంది, కాబట్టి కొన్నాళ్లు ఇన్సులిన్ వేయాల్సి వస్తే బెదిరిపోకండి.

నడక ఈ జబ్బుకు మందు అని మీరు ఎక్కడైనా చదివితే అది నిజమే, కానీ మీ నాన్నగారికి ఇప్పుడు కాదు. పుండు మానేదాకా ఆ కాలి మీద బరువు ఎంత తగ్గితే అంత మంచిది. మానాక, దారి తెరుచుకున్నాక, డాక్టరు సరేనన్నాక మొదలుపెట్టండి. పిక్క పట్టేదాకా నడవాలి, పట్టాక ఆగాలి, పోయాక మళ్లీ నడవాలి. ఆగే టైముతో కలిపి ముప్పై నుంచి నలభై ఐదు నిమిషాలు, వారానికి మూడు రోజులైనా, మూడు నెలలు. నొప్పి రాకముందే ఆగిపోతే ఫలితం తక్కువ. ఆ నొప్పి కండరాన్ని పాడు చేయదు, రక్తం వేరే చిన్న దారులు వెతుక్కోవడానికి, ఉన్నదాన్ని కండరం పొదుపుగా వాడుకోవడానికి అలవాటు చేస్తుంది. దూరం కొలవడానికి కరెంటు స్తంభాలు చాలు. ఈరోజు నాలుగో స్తంభం దగ్గర ఆగాం, నెల తర్వాత ఏడో స్తంభం, అని క్యాలెండర్ మీద రాసుకుంటే ఆయనకే ఉత్సాహం వస్తుంది. పొలం లెక్కలు రాసే మనిషికి ఈ లెక్క నచ్చుతుంది.

పాదం సంరక్షణ ఇక జన్మంతా. రోజూ రాత్రి మీరో అమ్మగారో పాదాలు రెండూ లైటు కింద తిప్పి చూడండి, వేళ్ల సందులతో సహా. చెప్పులు మెత్తటి ఎంసీఆర్ రబ్బరువి, వెనక పట్టీ ఉన్నవి, సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త వాచి అసలు కొలత తెలుస్తుంది. వేసుకునే ముందు దులిపి, లోపల చెయ్యి పెట్టి చూడాలి. చీమకుర్తి చుట్టుపక్కల దారుల్లో రాతి పెంకులు ఎక్కడివక్కడ ఉంటాయి. శనివారం మాలకొండకు వెళ్లే అలవాటుంటే ఎండాకాలం బండల మీద ప్రదక్షిణ ఈసారికి మీరు చేసి రండి, నాన్నగారు నీడలో కూర్చుని దణ్ణం పెట్టుకుంటారు. మొక్కు ఎక్కడికీ పోదు.

రెండో కాలు కూడా చూపించడం మర్చిపోకండి. మీ ఉత్తరంలో దాని ప్రస్తావనే లేదు. ఒక కాలికి వచ్చిందంటే చాలాసార్లు రెండోదీ ఆ బాటలోనే ఉంటుంది, ఎడమ కాలు ముందే ఆపేస్తుంటే కుడికాలికి నొప్పి వచ్చేంత దూరం ఆయన నడిచి ఉండరు.

ఒంగోలుకు ఆటో మాట్లాడుకుంటే మంచిది. బస్సులోనే వెళ్తే డ్రైవరు పక్కన ఇంజిన్ డబ్బా వైపు సీట్లో మాత్రం కూర్చోబెట్టకండి. స్పర్శ తగ్గిన పాదం ఆ వేడికి ఆనుకుని ఉన్నా ఆయనకు తెలియదు, దిగేసరికి బొబ్బ లేస్తుంది. అలా కాలిన పాదాలు నేను చూశాను. కాలు ఎదుటి సీటు మీదికి ఎత్తి పెట్టుకోమని ఎవరైనా మర్యాదకు జరిగినా వద్దనండి, కిందికే ఉంచమనండి.